అడగని తీరం

వేట నిషేధం ముగిసిన రోజు తెల్లారగానే మొగుడూ కొడుకూ పడవెక్కుతుంటే, అడిగితే గాలీవానా సంగతి చెప్పే వాతావరణ పెట్టెను పలకరించబోయిన కోడలి నోటికి కాసులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటకెల్లీటప్పుడు ఏటీ అడక్కూడదే! గంగమ్మకి కోపం."

ఊరంతటిదీ అదే పట్టింపు. ఆ పొద్దున పెట్టెను ఒక్కరూ అడగలేదు.

పొద్దున్నే అడిగిన ఊళ్లకే ఆనాటి గాలివానల లెక్క కట్టే, ఆ పెట్టె వెనకున్న క్లౌడు కంప్యూటరు, ఈ ఊరి లెక్క వంతును పట్నంలో క్రికెట్ ఆటకు వాన అడ్డొస్తుందేమో చూడ్డానికి ఇచ్చేసింది.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. దక్షిణాన ఆకాశం నల్లబడింది. కాసులమ్మే పెట్టె దగ్గరికి పరుగెత్తింది.

"మావోళ్లెల్లిన కాడ గాలెలాగుంది బాబూ?"

"పొద్దున ఎవరూ అడగలేదు కదండీ, లెక్క ప్రకారం ఇవాళ మీ తీరంలో మనుషులెవరూ లేరండి," అంది పెట్టె, ఎంతో మర్యాదగా.