పందిరి కింద నవ్వు

పెదనాన్న కురుమయ్య పోయాక బిజినేపల్లి దగ్గరి ద్రాక్షతోట సుహాసినికి వచ్చింది. పొద్దుగూకాక భర్త ప్రశాంత్ మోటరు చూడటానికి వెళితే, ఆమె కొట్టంలో కూర్చుని ఫోన్లో సినిమా పెట్టుకుంది. అందులోనూ ఒక పిల్లకు ద్రాక్షతోట దక్కుతుంది. తోట కాసేవాడితో తగువాడుతూనే ప్రేమలో పడుతుంది. సుహాసిని నవ్వింది. బయట పందిరి కింద ఇంకెవరో నవ్వారు.

"వచ్చినవా? జర లోపలికి రా, కలిసి చూద్దాం," అంది, ప్రశాంతే అనుకుని.

మళ్లీ నవ్వు వినబడింది, ఈసారి సినిమాలో జోకు రాకముందే.

ఫోన్ మోగింది. ప్రశాంత్. "ఫ్యూజు కోసం ఊర్లకొచ్చిన. లేటయితది, తలుపేస్కో."

తలుపు వేసి సినిమా ఆపేసింది. తోటంతా నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి తలుపవతల ఒక ముసలి గొంతు మెల్లగా అడిగింది.

"ఆపినవేంది బిడ్డా?"

సుహాసిని సినిమా మళ్లీ పెట్టింది. అవతల ఎవరో తలుపుకు ఆనుకుని కూర్చున్న చప్పుడైంది.