తూఫాన్‌కు ఎడమ చేత్తో దాణా

ముత్తయ్య గుర్రం మళ్లీ ఆఖరున వచ్చింది.

ఆఖరున అంటే మామూలు ఆఖరు కాదు. ఒక విమానం సాతంరాయిలో ముత్తయ్య ఇంటి మీదుగా గర్జిస్తూ పోయి, ఎయిర్‌పోర్టులో దిగి, మనుషుల్ని దించి, కొత్తవాళ్లను ఎక్కించుకుని మళ్లీ పైకి లేచింది. తూఫాన్ ఇంకా మలుపు దగ్గరే ఉంది. గెలిచిన గుర్రాలు ఈలోపు గడ్డి మేసి, ఓ కునుకు తీసి లేచాయని చూసినవాళ్లు చెప్పారు.

"దీని తోక తెగ! తూఫాన్ గాదు ఇది, తాబేలు" అని ముత్తయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "ఈ కంప్యూటర్ బంద్ జెయ్యి అనుపమా. నాకు గీ ఆట వద్దు."

"బంద్ జేస్త మామా. మరి స్కూటర్ తాళంచెవి?" అంది కోడలు వంటింట్లోంచి.

ముత్తయ్య కుర్చీని మళ్లీ ముందుకు లాక్కున్నాడు.

వాళ్ల ఒప్పందం అది. ఉగాది నుంచి స్కూటర్ వాకిట్లో పట్టా కప్పుకుని నిలబడే ఉంది. తాళంచెవి అనుపమ కొంగుముడిలో ఉంది. శంషాబాద్ చౌరస్తాలో చాయ్ తాగాలన్నా ఎవరో ఒకరి బండి వెనక కూర్చుని పోవాలి. ముత్తయ్యకు అది చచ్చేంత నామోషీ. గుర్రాన్ని కొని, మేపి, మచ్చిక చేసి పందేలకు దింపే ఈ ఆటను కంప్యూటర్‌లో పెట్టి, ఒక్క రేసు గెలిస్తే తాళంచెవి ఇస్తానంది అనుపమ.

ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో డ్యూటీ దిగి రాగానే పాఠం మొదలుపెట్టేది.

"వారం వారం రేసుకు తోలకు మామా, దానికి జర రెస్టియ్యి. ఉరుకుడొక్కటే నేర్పితే మలుపు కాడ దమ్ము అయిపోతది. ముందుగాల దమ్ము పెంచు. బరువు తక్కువున్న జాకీని ఎక్కించు. ఓడిపోయిందని అమ్మి ఇంకోటి కొనకు."

అన్నిటికీ సరే అన్నాడు. ఒక్క చిట్కా దగ్గరే పేచీ.

"బటన్లన్నీ ఎడమ చేత్తోనే నొక్కాలె."

"పుర్రచేత్తో దాణా పెడ్తరా ఎవరన్నా? కుక్కకు గూడ పెట్టం. ఆ జానవర్ ఏమనుకుంటది?"

"గుర్రానికి అన్నీ ఎడమ దిక్కు నుంచే మామా. జీను కట్టుడు, ఎక్కుడు, అన్నీ. కుడి చేత్తో పెడితే అలుగుతది."

ఆమె పెరట్లోకి పోయినప్పుడు కుడి చేత్తో దొంగతనంగా నొక్కేవాడు. అనుపమ వచ్చి చూసి, "తూఫాన్ అలిగింది" అని అప్పటిదాకా ఆడిన ఆటంతా చెరిపేసి మొదటికి తెచ్చేది. ముత్తయ్య తల బాదుకునేవాడు.

పోనీ ఎడమ చెయ్యి పెట్టాడా, అరచెయ్యి మొత్తం కీబోర్డు మీద దబ్బున పడేది. మూడు బటన్లు ఒకేసారి. ఉలవలు, స్నానం, పశువుల డాక్టరు సూది, అన్నీ తూఫాన్‌కు ఒక్క గడియలోనే. ఓసారి ఉలవల బటన్ మీద పడిన చెయ్యి లేవనే లేదు. దాంతో గుర్రం ఎంత లావైందంటే, తల తెరలో ఉంటే తోక గోడ అవతల ఆనందం ఇంట్లో తేలింది.

ఆనందం పక్కింటి దోస్తు. రోజూ వచ్చి అదే ఆటలో తన గుర్రం 'దావీదు'ను దింపేవాడు. కుడి చేత్తో నొక్కేవాడు. గెలిచేవాడు.

"వాని గుర్రం కుడి చేత్తో పెడితే తింటది. నా గుర్రానికేం రోగం?" అని ముత్తయ్య మండిపడేవాడు.

"దావీదుది వేరే జాతి మామా" అనేది అనుపమ.

"అవునన్నా, మాది జర చదువుకున్న గుర్రం" అని ఆనందం పళ్లికిలించేవాడు.

బోనాల నాటికి మూడు బటన్లు రెండయ్యాయి. బతుకమ్మ నాటికి దాణా దాణాగా, స్నానం స్నానంగా జరుగుతున్నాయి. అయినా గెలుపు లేదు. ఒకనాడు దావీదును దాటబోతుండగా కరెంటు పోయింది. ముత్తయ్య కరెంటోళ్లను, కంప్యూటర్‌ను, గుర్రాన్ని పుట్టించిన దేవుణ్ణి వరసపెట్టి తిట్టాడు. ఆ వారమంతా అన్నం దగ్గర కూడా కోడలితో మాట్లాడలేదు.

ఆదివారం ఆనందం చర్చి నుంచి నేరుగా వచ్చాడు. రేసు మొదలైంది.

చివరి మలుపులో గుర్రాన్ని అదిలించే బటన్ ఆపకుండా నొక్కాలి. ముత్తయ్య ఎడమ చూపుడువేలు టకటకా ఆడింది. తూఫాన్ ముక్కు తేడాతో ముందుపడింది. ఆ ఊపులో గీత దాటినా ఆగలేక తుక్కుగూడ దాకా పోయి వచ్చిందని తర్వాత ఊరంతా చెప్పుకున్నారు.

ఆనందం కళ్లు తుడుచుకున్నాడు.

"ఓడిపోతే ఏడుస్తున్నవా రా?"

"ఒక్క మాట జెప్త, కోప్పడకన్నా. గుర్రం ఏ చేత్తో పెట్టినా తింటది. ఆటల గసొంటి చిట్కానే లేదు. నీ కోడలు కల్పించింది."

ముత్తయ్య దిగ్గున లేచి కోడలి దిక్కు తిరిగాడు. "ఇన్ని నెలలు నన్ను గిట్ల పరేషాన్ జేసినవా? కుడి చేత్తో అయితే ఎప్పుడో గెలుస్తుంటి గద!"

"గెలుస్తుంటివి మామా" అంది అనుపమ. కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది.

ముత్తయ్య విసురుగా కుడి చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"అది గాదు. క్లచ్ పట్టే చెయ్యి."

ఉగాది నాడు పక్షవాతం కొట్టాక ఇక లేవదని దవాఖానలో చెప్పి పంపిన ఆ ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచి, ఒక్కొక్క వేలే ముడుచుకుంటూ తాళంచెవిని పట్టుకుంది.