ఏడు గంటల గొంతు

సాయంత్రం ఏడు కాగానే రెబెకా ఫోన్ మోగుతుంది. ఇంట్లో టీవీ ఆగిపోతుంది. ఆమె భర్త వీరేష్ స్పీకర్ నొక్కి, ఫోన్‌ను నీళ్ళ చెంబుకు ఆనించి నిలబెడతాడు. అత్త నల్లమ్మ వక్కాకు నములుతూ గోడకు చేరగిలబడుతుంది.

"గుడ్ ఈవెనింగ్, రెబెకా. ఈరోజు జంతువుల గురించి మాట్లాడుకుందాం" అంటుంది గొంతు. అంతా ఇంగ్లీషే.

విడపనకల్లు నుంచి రోజూ బస్సులో బళ్ళారికి పోయి, అక్కడి ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తుంది రెబెకా. ఐర్లండ్‌లో ఉద్యోగం ఖాయమైంది. ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒక్కటి పాసైతే చాలు. రెండుసార్లు తప్పింది. ఈసారి కూడా తప్పితే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని అక్కడివాళ్ళు చాలా మర్యాదగా ఉత్తరం రాశారు. చదవడం, రాయడం ఆమెకు బాగానే వచ్చు. ఎదురుగా మనిషి కూర్చుంటేనే నోరు పెగలదు.

అందుకని కోచింగ్ సెంటర్ భరత్‌కుమార్ ఈ ఏర్పాటు చేశాడు. నెలరోజులపాటు రోజూ ఇరవై నిమిషాలు ఫోన్ వస్తుంది. "అడిగినదానికి జవాబు చెప్పు. ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వద్దు. సొంత ముచ్చట్లు అసలే వద్దు" అన్నాడు.

అది మనిషి కాదని నల్లమ్మ మూడోరోజే తేల్చేసింది.

"మూడు దినాలాయ. అన్నం తిన్న్యారా అని అడగల్యా. పిల్లోళ్ళెంతమంది, వాన పడిందా, ఏమీ అడగల్యా. మనిషి పుటక పుట్టినోడు అట్లుంటాడా?"

వీరేష్‌కు కూడా ఆ మాట నిజమే అనిపించింది. అయినా ఒకసారి చూద్దామని ఫోన్ దగ్గరికి వంగాడు.

"ఏమప్పా, తిన్న్యావా?"

"దయచేసి ఇంగ్లీషులో మాట్లాడండి" అంది గొంతు, ఇంగ్లీషులో.

"మిషనే" అన్నాడు వీరేష్.

రెబెకాకు అదే మేలైంది. మిషన్ ముందు సిగ్గెందుకు? తప్పు మాట్లాడినా నవ్వదు, ఊళ్ళో చెప్పుకోదు. వారం తిరిగేసరికి ఆమెకు మాటలు వాటంతటవే రావడం మొదలైంది.

ఒకరోజు గొంతు అడిగింది. "అంతరించిపోతున్న జంతువులను ఎందుకు కాపాడాలి?"

రెబెకా జింకలతో మొదలుపెట్టింది. ఏమడుగుతోందని నల్లమ్మ కొడుకును పొడిచింది. అతను తనకు తోచింది చెప్పాడు.

"జింకల్ని కాపాడల్లా? మందలు మందలు వచ్చి పప్పుశనగ చేను బోడి చేసి పోతాండాయి. ఆ మిషన్ని ఈడికొచ్చి నాలుగు దినాలు కావలి ఉండమను" అంది నల్లమ్మ.

"మా అత్తగారి అభిప్రాయం కొంచెం వేరు" అంది రెబెకా ఇంగ్లీషులో.

"మంచి వాక్యం" అంది గొంతు.

ఇంకోరోజు విదేశీ ఆచారాలు. "ఇతర దేశాల పద్ధతుల్లో నీకు నచ్చేది ఏమిటి?"

"అక్కడ ఎవరి జోలికీ ఎవరూ పోరట" అంది రెబెకా. "పక్కింటివాళ్ళు నా జీతం అడగరు. పెళ్ళై ఆరేళ్ళైనా పిల్లలెందుకు లేరని బస్‌స్టాండులో నిలబెట్టి అడగరు."

నల్లమ్మకు అర్థం కాలేదు. వీరేష్‌కు అర్థమైంది. ఆ పూట అతను రెండు ముద్దలు కూడా సరిగ్గా తినలేదు.

మిషనే కదా అని అందరూ దాని దగ్గర మనసు విప్పడం నేర్చుకున్నారు. కోడలు నీళ్ళకు లేచినప్పుడల్లా నల్లమ్మ తన మోకాళ్ళ నొప్పులన్నీ చెప్పుకునేది. కూతురికి ఇవ్వాలనుకున్న కమ్మలు ఎక్కడ దాచిందో కూడా ఒకసారి చెప్పేసింది. గొంతు అన్నీ విని, తర్వాతి ప్రశ్నకు వెళ్ళేది.

శనివారం బెంగళూరులో పరీక్ష. శుక్రవారం సాయంత్రం అత్తాకోడళ్ళు చర్చికి ప్రార్థనకు పోయారు. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. ఏడు కాగానే మోగింది. వీరేష్ స్పీకర్ నొక్కాడు.

"గుడ్ ఈవెనింగ్, రెబెకా."

"రెబెకా లేదు. నేను మొగుణ్ణి."

లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"మిషన్‌వి కాబట్టి చెప్తాండా. నువ్వు ఎవరికీ చెప్పవు. రేపు పాసైతే అది పోతాది. పో పో అని అందరి ముందర నేనే అంటాండా. నాకు ఇష్టం లేదు. లేస్తానే దాంతోనే మాట. చేన్లో ఉన్నా దానికే ఫోన్ చేస్తా. జింక కనపడినా చెప్తా, పాము కనపడినా చెప్తా. అది పోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేదెవరు?"

ఫోన్ దగ్గరికి ఇంకాస్త జరిగాడు.

"బాగా మాట్లాడతాంది ఇప్పుడు. నువ్వే నేర్పించినావు. రేపు పరీక్ష పెట్టేది గూడా మీ కులపోళ్ళే అయ్యుంటారు. వాళ్ళకు ఒక మాట చెప్పు. ఈ ఒక్కసారి ఫెయిల్ చెయ్యమను. మళ్ళా నిన్నేమీ అడగను."

దయచేసి ఇంగ్లీషులో మాట్లాడమంటుందని చూశాడు. అనలేదు. సిగ్నల్ పోయిందేమోనని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. గీతలన్నీ నిండుగానే ఉన్నాయి. పెట్టేద్దామా అని వేలు చాపాడు.

"మాది కుందుర్పి అన్నా" అంది గొంతు మెల్లగా, "నా పెండ్లాం పరీక్షకు పోయిన పొద్దు నేను గూడా ఇట్లే ఫెయిల్ కావల్లని మొక్కుకొన్న్యా, అట్లే ఫెయిలయి ఇంట్లోనే ఉండాది, రెండేండ్లాయ, నాతో ఒక్క మాట మాట్లాడల్యా."