ఆఫీసు నుంచే మాట్లాడుతున్నాను

అది నవంబరు పదకొండు. ఆ సాయంత్రం మాస్టారి కడుపులో ఉన్నవి ఒక అరటిపండు, రెండు బిస్కెట్లు. కళ్ళ డాక్టరుకి చూపించుకుని కిందికి దిగుతుంటే లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగింది. అరటిపండూ బిస్కెట్లూ గొంతు దాకా వచ్చి ఆగాయి. లైటు ఆరిపోయింది. అంకెల పక్కన గోరంత ఎర్రదీపం మాత్రం మిగిలింది.

మూసిన గదంటే మాస్టారికి ప్రాణభయం. ఇంట్లో స్నానాల గదికి కూడా గడియ పెట్టరు. "పెట్టకపోతే పోనివ్వండి మావయ్యగారూ, లోపలున్నట్టు గుర్తుగా ఓ పాటైనా పాడండి" అని కోడలు నవ్వుతుంది. ఇక్కడ గడియ ఆయన చేతిలో లేదు. పైగా గుండెకి స్టెంటు వేసి రెండు నెలలే అయింది. "తినండి, తిరగండి, కంగారు మాత్రం పడకండి" అని చెప్పి పంపాడు గుండె డాక్టరు.

మాస్టారు కంగారుపడ్డారు. తలుపు బాదారు. గోళ్ళు విరిగేలా దాని సందు పట్టుకుని లాగారు. సెల్‌ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఎడమ చెయ్యి లాగుతున్నట్టుంది. నిజంగా లాగుతోందో, భయం లాగుతోందో తెలియలేదు. ఎర్రదీపం కింద గంట బొమ్మ వేసిన బటన్ కనబడితే ఒత్తి పట్టుకున్నారు.

"హలో... హలో... ఎవరైనా..." మాటకంటే ఊపిరే ఎక్కువ వస్తోంది.

బటన్ కింది చిల్లుల్లోంచి గరగరమంటూ ఓ ఆడగొంతు పలికింది. "ఎవరండీ? కింద ఆఫీసు వాళ్ళా?"

మాస్టారు కాదనబోయారు.

"పక్క లిఫ్టులో ఇరుక్కుపోయానండీ. ఒక్కదాన్నే ఉన్నాను. కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. ఆఫీసు వాళ్ళేనా, చెప్పండి బాబూ."

ఆ గొంతులో వణుకు విన్నాక కాదనడానికి నోరు రాలేదు.

"ఆఫీసు నుంచే మాట్లాడుతున్నానమ్మా," అన్నారు, అబద్ధమాడిన పిల్లల్ని ముప్పై ఏళ్ళు బెంచీ ఎక్కించిన మాస్టారు.

"ఈ తాడు తెగదు కదండీ?"

ఇందాకటి నుంచీ ఆయన తలలో తిరుగుతున్నదీ ఆ ప్రశ్నే. "తెగదండీ. ఎంతమంది ఎక్కొచ్చో గోడకి రేకు మీద రాసుంటుంది, చూడండి."

"చీకట్లో ఏం కనబడుతుంది? మీరే చెప్పండి."

మాస్టారు ఫోన్ లైటు వేసి వెతికారు. కళ్ళ డాక్టరు కోసం ఏడాదిగా కళ్ళు మూసుకుని ఎక్కి దిగుతున్న లిఫ్టే అయినా ఆ రేకు చదవడం అదే మొదటిసారి. "ఎనిమిది మంది. ఎనిమిది మందిని మోసేది మిమ్మల్నొక్కరినీ మోయలేదా?"

"నేను కాస్త లావండీ."

"ఎనిమిది మందంత లావా?"

అటునుంచి నవ్వు లాంటిదేదో వినబడింది. ఇటు మాస్టారి పెదవులూ కదిలాయి.

"గాలి అయిపోతే ఎలాగండీ?"

మాస్టారు గోడ వెంబడి చెయ్యి పోనిచ్చారు. నేలకి జానెడు ఎత్తున వరసగా సన్నటి సందులు తగిలాయి. అరచేతికి చల్లగాలి కొట్టింది. ఆ చల్లదనానికి ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "అయిపోయేది కాదమ్మా. కింద సందులున్నాయి, చెయ్యి పెట్టి చూడు," అన్నారు. గొంతులోకి బడి వచ్చేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"పోనీ, తలుపు లాగి చూడనా?"

"దాని జోలికి వెళ్ళకు. వీపు గోడకి ఆనించి కూర్చో." చెబుతూ తనూ చతికిలబడ్డారు.

"కూర్చున్నానండీ. గుండె దడదడలాడుతోంది."

"నాతోపాటు ఊపిరి తియ్యి. మెల్లిగా. ఇప్పుడు వదులు. పరుగేం లేదు, మళ్ళీ తియ్యి."

రెండు లిఫ్టుల్లో ఇద్దరూ అలా ఊపిరి తీస్తూ వదులుతూ కూర్చున్నారు. చెయ్యి లాగడం ఎప్పుడు మానేసిందో మాస్టారు గమనించనే లేదు.

కాసేపటికి బయట ఇనుప చప్పుడైంది. తలుపు బెత్తెడు తెరుచుకుని వాచ్‌మన్ ముఖం కనబడింది. "కరెంటు పోయిందండీ. జనరేటర్ మొరాయించింది. భయపడకండి."

"నాకేం భయం? ముందు పక్కదాంట్లో ఆవిణ్ణి తియ్యవయ్యా, బెదిరిపోయుంది."

"తీసేశామండీ. కిందికెళ్ళిపోయారు."

బయటపడ్డాక మాస్టారు మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు. అప్పుడొచ్చింది కోపం. మెట్లు దిగి నేరుగా కింద ఆఫీసు గదికి వెళ్ళారు. అప్పటికి కరెంటు వచ్చింది. ఎవరో ఒకామె సంచీ భుజాన వేసుకుని, లైటు తీసేసి గుమ్మంలోకి వస్తోంది.

"లిఫ్టులో గంట కొడితే పలికే దిక్కు లేకపోతే ఎలాగమ్మా? ఒకావిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. నేనే ఆఫీసునని అబద్ధమాడాల్సి వచ్చింది."

"ఈ ఆఫీసులో ఉండేది నేనొక్కదాన్నేనండీ," అందామె.

మాస్టారు ఆ గొంతు గుర్తుపట్టారు. వణుకు తప్ప అంతా లిఫ్టులో విన్న గొంతే.

"రోజూ ఆ గంటకి పలికేది నేనే. ఇవాళ పక్క లిఫ్టులో ఉండిపోయాను. ఇక్కడికీ రెండు లిఫ్టులకీ ఒకటే లైను. మీరు ఆఫీసు కాదని నాకు తెలీదా?"

"మరి... అంత భయపడ్డావేమమ్మా?"

"నాకు లిఫ్టంటే భయం లేదండీ. మీ ఊపిరి విని భయపడ్డాను," అని, ఆ రాత్రికి ఆఫీసు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసిందామె.