పేరు లేని ట్యూబులు

“ఫ్రీజర్ అద్దంలా ఉంది కదక్కా?” తలుపు తెరిచి పట్టుకుని సీనియర్‌ని అడిగింది రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి. వారమంతా ల్యాబులో ఫ్రీజర్ శుభ్రం చేయడమే పని. ఇక ముందు చేయబోయే ప్రయోగాలకు కూడా డబ్బాలు సిద్ధం చేసి, రంగు చీటీల మీద తన పేరు రాసుకుంది.

“బాగుంది. కింది అరలో మూలన శాంపిల్ ట్యూబులుండాలే, అవేవి?”

“పేరూ ఊరూ లేనివా? పారేశాను. ఎవరివోగానీ, చీటీ అతికించడానికి కూడా ఒళ్ళు వంగలేదు.”

సీనియర్ వంగి, ఖాళీ అయిన ఆ మూలకేసి చూసింది.

“మీవా అక్కా?” అమ్మాయి గొంతు తగ్గింది.

“నావైతే ఇంత బాధ లేదు. నీవే. మొదటి ఏడాది నా కళ్ళముందే పెట్టావు. అసలు ఫలితం వచ్చింది వాటిలోనే కదా, మళ్ళీ పరీక్షించి చూపించమని సార్ ఇందాకే అన్నారు.”

“నేనా? పేరు రాయకుండా పెట్టానా?”

“అప్పుడు నీకు తీరికెక్కడిది? తిండి కూడా మరిచిపోయి పని చేసేదానివి.”

తలుపు తెరిచే ఉందని ఫ్రీజర్ కూత మొదలుపెట్టింది. ఆమె కదల్లేదు. ఎదురుగా తన పేరున్న డబ్బాలు వరసగా, ముచ్చటగా, ఖాళీగా ఉన్నాయి.