ఎవరి చేతి విషం

పేమెన్ ఆ రోజు కూడా అడవి నుంచి ఉత్త చేతులతో వచ్చాడు.

ఇంట్లో కూర్చోలేడు, వాకిట్లో నిలబడలేడు. లోపల పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"పాలు చాలడం లేదు," అంది భార్య కన్షే. "ఈమధ్య దునూ వాళ్లింటి నుంచి పొద్దున్నే మాంసం రాకపోతే నా గతేం కాను?"

ఆ మాట పేమెన్‌కి ముల్లులా గుచ్చుకుంది.

వేట కలిసిరానివాడికి మందొకటే, ఆకుపచ్చ చెట్టుకప్ప విషం. చేతిమీద చిన్న వాత పెట్టి దాన్ని అద్దుతారు. ముఖం ఉబ్బుతుంది, కడుపులోదంతా కక్కేస్తారు, ఆపైన వేట దొరుకుతుంది. కాకపోతే అద్దినవాడి గుణమే అద్దించుకున్నవాడికి వస్తుంది.

అందుకే, రోజూ మాంసం పంపే బావ దునూ ఇంటికి పరుగెత్తాడు.

దునూ లేడు. తాళ్ల ఊయలలో ఓ ముసలాయన గురకపెడుతున్నాడు. ఏటి ఎగువ నుంచి వచ్చిన చుట్టం. వచ్చినప్పటి నుంచీ పగలంతా ఆయనకదే పని.

"తాతా, దునూ ఏడి?"

"చేపలకెళ్లాడు." ముసలాయన ఒక కన్ను తెరిచాడు. "వేట దొరకలేదా? కప్ప కావాలా? పద."

ఏటి ఒడ్డున ఓ కొమ్మ వంచాడు. ఆకుకి అతుక్కుని కప్ప నిద్రపోతోంది. వేలు పెడితే గెంతలేదు, తాపీగా నడుచుకుంటూ అరచేతిలోకి వచ్చింది.

"ఇదీ నాలాగే, పగలంతా నిద్ర," నవ్వాడు ముసలాయన. "వాత నేను పెట్టనా?"

పేమెన్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మో! నీ చేత్తోనా? నీ నిద్ర నాకంటుకుంటే నా పెళ్లాం బిడ్డా మాడి చస్తారు తాతా!"

ముసలాయన ముఖం చిన్నబోయింది. కప్ప కాళ్లు పీచుతో మెత్తగా కట్టి, పుల్లతో విషం గీకి, ఆ పుల్ల పేమెన్‌కిచ్చాడు. కట్లు విప్పి కప్పని మళ్లీ అదే కొమ్మ మీద వదిలాడు.

సాయంత్రం దునూ రాగానే పేమెన్ ఆ పుల్ల అతని చేతికిచ్చాడు.

"నా చేత్తోనా?" అని కాస్త నసిగాడు.

"నీకంటే మొనగాడెవడు బావా!"

ఆ పొగడ్తకి దునూ ఉబ్బిపోయి, వాత పెట్టి విషం అద్దాడు. పేమెన్ కక్కాడు, నేలమీద దొర్లాడు. "ఇక చూస్కో కన్షే!" అన్నాడు.

తెల్లారేసరికి ముసలాయన పడవెక్కి వెళ్లిపోయాడు.

ఆ పొద్దున మాంసం రాలేదు. మర్నాడూ రాలేదు. పేమెన్ అడవంతా గాలించినా ఒక్క జంతువూ దొరకలేదు. బిడ్డ ఏడుపు వినలేక మాపటికి దునూ దగ్గరికి పోయాడు.

"బావా, రాత్రి వేట మానేశావా?"

"నేనెప్పుడు పోయాన్రా? చీకటి పడితే వాకిట్లోకి పోవాలన్నా మా ఆవిణ్ణి లేపుతాను."

"మరి ఆ మాంసం?"

"తాత కొట్టిందే. రాత్రంతా అడవిలో తిరిగి, తెల్లారాక వచ్చి పడుకునేవాడు. ఆ పసిదాని ఏడుపు వినలేకపోతున్నాను, ముందు వాళ్ల వాటా కోసి పంపండి అనేవాడు."



తాత పడవ ఎటు పోయిందో కనుక్కుందామని పేమెన్ గబుక్కున లేచాడు. కానీ బయట చీకటి కమ్ముకుంటుంటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చీకటికి జడిసి అతని కాళ్లు గుమ్మం దాటనన్నాయి.