గట్టి బుష్‌లు

కార్ల గురించి మా మామగారికి తెలిసింది గుండుసున్నా. ఆయన పాత స్పోర్ట్స్ కారుకి చక్రాల దగ్గర కుదుపు ఆపే సస్పెన్షన్ బుష్‌లు అరిగిపోయి, గుంత వచ్చినప్పుడల్లా కింద టకటకమంటోంది. ఆదివారం మళ్లీ నాకు కారు కావాలి కాబట్టి షెడ్డుకి వెంట వెళ్లాను.

మెకానిక్ రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. "రబ్బరువి వేస్తే మెత్తగా పోతుందండీ. ఈ గట్టివి రేసులకి. గులకరాయి ఎక్కినా నడుం పట్టేస్తుంది."

మామగారు వంకాయలు ఏరుతున్నట్టు రెండిటినీ బొటనవేలితో నొక్కి చూసి, గట్టివి తీశారు.

ఎద్దులబండి తోలినట్టు కారు తోలే మనిషికి రేసు బుష్‌లట! నవ్వు ఆపుకోలేకపోయాను.

"ఈ వయసులో మీకెందుకు మామయ్యగారూ ఈ సరదా? రబ్బరువి తీసుకోండి."

ఆయన నన్ను పట్టించుకోలేదు. "ఇంతకన్నా గట్టివి లేవా?" అని మెకానిక్‌ని అడిగారు.

అతను తల గోక్కున్నాడు. "మీ నడుం గురించే చెప్తున్నానండీ."

"నా నడుముకేం కాదులేవయ్యా. నేను బస్సులోనే తిరుగుతున్నా," అన్నారు మామగారు, నావైపు ఎంతో మర్యాదగా చూస్తూ. "కారెప్పుడూ అల్లుడుగారి దగ్గరే ఉంటుంది. అడిగితే కాదనలేను కదా!"